చప్టా దగ్గర ఆగని బస్సు

పోయిన వారం శోభనాద్రిని మనం గుడివాడ షెడ్డులో, నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చేశాం. పన్నెండేళ్ళుగా అతను నడుపుతున్న గుడివాడ–కోడూరు బస్సుకి, ఇంజనుతో పాటు తిరిగే ఇనప ఫ్యాను ఊడదీసి నేల మీద పడేశారు. దాని బదులు రేడియేటరు ముందు కరెంటు మోటారుతో తిరిగే ఫ్యాను బిగించారు. బిగించినవాడు నాగభూషణం. మిలిటరీలో ఎనిమిదేళ్ళు బళ్ళ కరెంటు పని చేసి, చైనా గొడవ సద్దుమణిగాక ఇంటికొచ్చి, ఈమధ్యనే షెడ్డులో చేరినవాడు. మోటారు కూడా బెజవాడలో మిలిటరీ పాత సామాను వేలంలో దొరికిందే. డ్రైవరు ఎదురుగా ఒక స్విచ్చు పెట్టి, "నొక్కితే తిరుగుతుంది, ఎత్తితే ఆగుతుంది, అంతే అన్నగారూ" అన్నాడు. బస్సు యజమాని పిచ్చేశ్వరరావుగారు ఆ స్విచ్చుని చిన్నపిల్లాడిలా నాలుగుసార్లు నొక్కి, నాలుగుసార్లు ఎత్తి, సోమవారం నుంచి బస్సు చప్టా దగ్గర ఆగనక్కర్లేదని తేల్చేశారు.

ఈ వారమే కథ అందుకున్నవారికి ఆ చప్టా సంగతి చెప్పాలి. అవనిగడ్డ దాటాక కోడూరు దారిలో మురుగుకాలువకి వంతెన లేదు, రాళ్ళు పరిచిన పల్లపు చప్టా ఉంది. వానలు పడితే దాని మీద నీళ్ళే. వానలు లేకపోయినా, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కాలువ వెనక్కి తన్ని మోకాటి లోతు నిలుస్తుంది. తిరుగుతున్న ఫ్యానుతో ఆ నీళ్ళలో దిగితే అది నీళ్ళు ఎత్తి ఇంజను మీద చిమ్ముతుంది. ప్లగ్గులు తడిసి బండి నీళ్ళ నడుమ చచ్చి ఊరుకుంటుంది. అందుకని ఆ దారిలో పెట్రోలు బండి నడిపేవాళ్ళంతా ఒడ్డున ఆగి, ఫ్యాను బెల్టు తప్పించి, అవతలికి దాటాక మళ్ళీ తొడిగేవారు. చేయి తిరిగినవాడికి అయిదు నిమిషాల పని. చేయి తిరిగిన శోభనాద్రికి మాత్రం ఇరవై నిమిషాలు పట్టేది. ఎందుకంటే సరిగ్గా ఆ ఒడ్డునే చిలకమ్మ టీ దుకాణం ఉంది.

చిలకమ్మకి ముప్పై రెండేళ్ళు. మొగుడు విషజ్వరంతో పోయి ఆరేళ్ళయింది. శోభనాద్రికి నలభై. అతని భార్య పోయి ఎనిమిదేళ్ళు. వాళ్ళ వాళ్ళలో మారుమనువు తప్పు కాదు. ఒక చీర పట్టుకెళ్ళి, ఉన్న మాట అడిగితే అయిపోతుంది. నాలుగేళ్ళుగా శోభనాద్రి అడగలేదు. బానెట్టు ఎత్తడం, నూనె చేతులు గుడ్డకి తుడుచుకోవడం, ఆమె ఇచ్చిన టీ తాగడం, ఆమె కుండలోని మంచినీళ్ళు తన డబ్బాలో నింపుకోవడం, బయల్దేరడం. అదే అతనికి కాపురం చేసినంత తృప్తిగా ఉండేది. ఆ ఇరవై నిమిషాలనీ ఇప్పుడొకడు వచ్చి ఒక్క స్విచ్చుతో కోసేశాడు.

సోమవారం పొద్దున్న ఆరింటికి బస్సు గుడివాడలో బయల్దేరేసరికి ఆ ఒక్కడూ ఇంజను పక్క సీటులో కూర్చుని ఉన్నాడు. కొత్త ఫ్యాను పనితనం దగ్గరుండి చూడమని యజమాని పంపారట. పనితనం చూడడానికి వచ్చినవాడికి ఇస్త్రీ చొక్కా దేనికో, తలకి అంత నూనె దేనికో శోభనాద్రికి అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పుకున్నాడు గాని, కడుపులో ఎక్కడో అర్థమైపోయి అప్పటికే మంట మొదలైంది. పోయిన నెలలో నాగభూషణం యజమాని జీపులో రెండుసార్లు చప్టా దాకా వచ్చాడని కండక్టరు ఇస్సాకు చెప్పనే చెప్పాడు. రెండోసారి మూడు టీలు తాగాడట. చిలకమ్మ నవ్వింది కూడానట. ఈ నాలుగేళ్ళలో తను ఆమెని ఎన్నిసార్లు నవ్వించాడో శోభనాద్రి దారిపొడవునా లెక్కపెట్టుకున్నాడు. వేళ్ళు మిగిలిపోయాయి.

పామర్రులో జనం ఎక్కుతుంటే నాగభూషణం ఒళ్ళోని పొట్లం జారి కిందపడింది. కాగితం మూల చిరిగి, లోపల పెడన నేత చీర అంచు కనిపించింది. ముదురాకుపచ్చ మీద పసుపు. నాగభూషణం గబుక్కున తీసి దుమ్ము దులుపుకుని, శోభనాద్రి వంక చూసి కొంచెం సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు చూసి శోభనాద్రికి ఒళ్ళు మండిపోయింది. మిలిటరీలో పనిచేసినవాడు సిగ్గుపడడమేమిటి? సిగ్గుపడాలంటే దానికి తగ్గ పనేదో ఉండాలిగదా.

ఇక శోభనాద్రి తన ఆశంతా ఇంజను వేడి చూపించే ముల్లు మీదే పెట్టుకున్నాడు. ఆ ముల్లు ఎర్రగీత ఎక్కితే చాలు, జనం ముందు, యజమాని ముందు ఈ మోటారు పరువు పోతుంది. పాత రెక్కలు మళ్ళీ వస్తాయి. బెల్టు మళ్ళీ వస్తుంది. చల్లపల్లి వచ్చింది, ముల్లు కదల్లేదు. పులిగడ్డ దాటారు, ఎండ చుర్రుమంటోంది, బస్సు టాపు మీద కూడా జనం ఉన్నారు, ముల్లు ఉన్నచోటే ఉంది. పైగా పాత ఫ్యాను హోరు లేక బస్సులో మాటలు హాయిగా వినబడుతున్నాయని ఒక ముసలాయన మెచ్చుకున్నాడు. ఫ్యాను బాగా పనిచేస్తున్న కొద్దీ శోభనాద్రి మొహం మాడిపోతూ వచ్చింది. సొంత బస్సు లాంటి బస్సు చెడిపోవాలని కోరుకునే దశకి వచ్చానే అని ఒక్క క్షణం అనిపించకపోలేదు. అది కూడా నాగభూషణం తప్పే అనుకున్నాడు.

చప్టా కనిపించింది. పోటు మంచి ఊపు మీద ఉంది, నీళ్ళు రోడ్డెక్కి మెరుస్తున్నాయి. ఇవతల ఒడ్డున దుకాణం ముందు చిలకమ్మ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. నాగభూషణం పొట్లం చేతిలోకి తీసుకుని లేచి, "ఒక్క నిమిషం ఆపండి అన్నగారూ, నేనిక్కడ దిగుతాను" అన్నాడు.

"ఆగకుండా పోవడానికేగా స్విచ్చు పెట్టావు" అన్నాడు శోభనాద్రి.

స్విచ్చు ఎత్తేసి, గేరు తగ్గించి, బస్సుని తిన్నగా నీళ్ళలోకి దించేశాడు. నీళ్ళు రెండు పక్కలా రెక్కల్లా విచ్చుకున్నాయి. ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు. నాగభూషణం కడ్డీ పట్టుకుని నిలబడిపోయాడు. శోభనాద్రి అద్దంలోకి చూశాడు. చిలకమ్మ గ్లాసు పట్టుకున్న చేయి దించకుండా, బస్సు వెళ్ళిన వైపే చూస్తూ అలాగే ఉంది. దిగనివ్వలేదు, చీర చేతికి ఇవ్వనివ్వలేదు. గెలిచాననుకున్నాడు. ఆ గెలుపు రుచి చూసుకుంటూ, ఆ అద్దంలోని బొమ్మనే తలచుకుంటూ, రెండో గేరులో బురదరోడ్డు మీద మైలు దూరం లాగించాడు.

అప్పుడు రేడియేటరు ఈల వేసింది. మూతలోంచి ఆవిరి ఎగజిమ్మి ముందు అద్దమంతా కమ్మేసింది.

శోభనాద్రి బస్సు ఆపి, లోపలి సంతోషం బయటికి కనబడకుండా మూతి బిగించి, "చూశావా నీ మోటారు?" అన్నట్టు నాగభూషణం వంక తిరిగాడు. నాగభూషణం చేయి చాచి డ్రైవరు ముందున్న స్విచ్చు నొక్కాడు. ముందు ఫ్యాను జుయ్యిమని తిరిగింది. నీళ్ళు దాటాక శోభనాద్రి దాన్ని మళ్ళీ వెయ్యలేదు. పన్నెండేళ్ళలో అతని చేతికి తప్పించడం, తొడగడం అలవాటు గాని, గుర్తుపెట్టుకుని స్విచ్చు నొక్కడం అలవాటు లేదు. ఇద్దరికీ తెలిసిపోయింది. ముసలాయనకి కూడా తెలిసిపోయింది. నాగభూషణం ఒక్క మాట అని ఉంటే శోభనాద్రి కొట్లాటకి దిగేవాడే. ఆ ఒక్క మాట కూడా అనకపోవడం అతనికి మరీ భరించరానిదయింది.

ఇంజను చల్లారాలి, రేడియేటరు నింపాలి. నీళ్ళ డబ్బా తీస్తే ఖాళీ. ఆగినప్పుడల్లా చిలకమ్మ కుండలోంచే గదా నింపుకునేది, ఇవాళ ఆగనే లేదు. చుట్టూ ఎటు చూసినా నీళ్ళున్నాయి గాని అన్నీ ఉప్పునీళ్ళు. అవి పోస్తే రేడియేటరు రెండు నెలలకి తుప్పు పట్టి ఊరుకుంటుంది. మంచినీళ్ళు కావాలంటే వెనక్కి వెళ్ళాల్సిందే. నాగభూషణం డబ్బా అందుకోబోయాడు. శోభనాద్రి దాన్ని అతని చేతిలోంచి లాక్కున్నాడు. బస్సు వదిలి డ్రైవరు వెళ్ళకూడదని ఇస్సాకు నసిగినా వినిపించుకోలేదు.

మైలు నడిచి, తొడల దాకా తడుస్తూ చప్టా దాటి, దుకాణం ముందు నిలబడేసరికి చిలకమ్మ పొయ్యి మీద పాలు చూస్తోంది. తలెత్తి అతన్నీ చూసింది, అతని చేతిలోని డబ్బానీ చూసింది. డబ్బా అక్కడ పెట్టమంది.

అతను పెట్టలేదు. నాగభూషణం దిగలేదని బాధగా ఉందా అని అడిగాడు. ఆ మాట అడగాలని మైలు దూరం అనుకుంటూ వచ్చాడు మరి.

"మీకోసం నిలబడ్డాను. గ్లాసు పట్టుకుని. మీరు అద్దంలో చూశారు కూడా" అంది చిలకమ్మ.

శోభనాద్రికి ఆ మాట చెవికెక్కలేదు. అతని మంట అతన్ని విననివ్వలేదు. ఆ మిలిటరీవాడి ఎత్తు నీకు తెలియదన్నాడు. నేనిక్కడ ఆగకుండా చేసి, ఈ చోటు తను కొట్టేయాలనే ఆ ఫ్యాను పెట్టాడన్నాడు. యజమానిని బుట్టలో వేశాడని, నిన్నూ వేస్తున్నాడని అన్నాడు. మూడు టీల సంగతి ఎత్తాడు. నవ్వు సంగతి ఎత్తాడు. పెడన చీర అంచు రంగుతో సహా చెప్పాడు. చెబుతున్న కొద్దీ తన గొంతు తనకే చవకగా వినబడుతోంది, అయినా ఆపుకోలేకపోయాడు.

చిలకమ్మ పాలు దించి పక్కన పెట్టింది.

"ఆ ఎత్తు నాగభూషణంగారిది కాదండీ. నాది" అంది.

పోయిన నెలలో పిచ్చేశ్వరరావుగారు ఇదే బల్ల మీద కూర్చుని, చప్టా దగ్గర పోయే కాలాన్ని గురించి తిట్టుకుంటున్నారట. అవనిగడ్డ సినిమాహాల్లో ఫ్యానుకి స్విచ్చు ఉంది, చలివేస్తే ఆపేస్తారు, బస్సు ఫ్యానుకి అలాంటిది ఎందుకుండదని తనే అడిగిందట. నాగభూషణం తాగుతున్న గ్లాసు కింద పెట్టి, ఉండొచ్చునండీ అన్నాడట. నవ్వింది అప్పుడేనట. తన బుర్రకి తట్టింది నిజంగా జరిగే పనేనని తెలిసి నవ్విందట.

శోభనాద్రి డబ్బా కింద పెట్టాడు. "బస్సు ఆగకపోతే నీ బేరమే గదా పోయేది?"

"పోతుందని తెలిసే అడిగాను."

"మరెందుకు?"

ఆమె గ్లాసులు తీసి వరసగా బోర్లించింది. తరవాత అతని ఎదుటికి వచ్చి నిలబడింది.

"నాలుగేళ్ళు చూశాను డ్రైవరుగారూ. చప్టా మీద నీళ్ళున్న రోజున మీరు ఆగారు. నీళ్ళు లేని రోజున హారను కొట్టి పోయారు. నీళ్ళు లేనప్పుడు ఒక్కరోజంటే ఒక్కరోజు ఆగారా? మీరు ఆగేది నాకోసమో, ఆ బెల్టు కోసమో నాకు తెలియాలి. బెల్టున్నంత కాలం మీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకని దాన్ని తీయించాను."

శోభనాద్రి నోరు తెరిచాడు. కోపంలో అలా పోయానన్నాడు. వాడు చీర పట్టుకుని దిగబోతుంటే చూడలేకపోయానన్నాడు.

చీర సంగతి తనకి ముందే తెలుసునంది. పది రోజుల కింద నాగభూషణం ఒంటరిగా వచ్చి, మర్యాదగా, తలవంచుకుని అడిగాడు. కొత్త ఫ్యానుతో బస్సు మొదటిసారి చప్టా దాటిన రోజున జవాబు చెబుతానంది.

"ఏం చెబుతావు?" అన్నాడు శోభనాద్రి.

"మీరు ఆగి ఉంటే చెప్పే మాట వేరు."

"ఇప్పుడు వచ్చానుగా."

చిలకమ్మ కిందికి, డబ్బా వంక చూసింది.

"నీళ్ళకి వచ్చారు" అంది.

కుండ వంచి డబ్బా నింపింది. ఒక్క చుక్క బయట పడలేదు. మూత బిగించి అతని ముందుకు జరిపింది. అక్కడ ఒక్క మాట చెప్పాల్సి ఉంది. దానికి చీర అక్కర్లేదు, పెద్దమనిషి అక్కర్లేదు, ముహూర్తం అక్కర్లేదు. పన్నెండేళ్ళు ఒక్క ప్రమాదం లేకుండా బస్సు నడిపిన మనిషికి ఆ మాట నోట రాలేదు. జనం ఎండలో ఉన్నారని గొణిగి, డబ్బా భుజాన పెట్టుకుని నీళ్ళలోకి దిగిపోయాడు.

సగం దారి దాకా అతనికి చిలకమ్మ మీద కోపం. పరీక్షలు పెట్టడానికి నేనేమైనా బడిపిల్లాణ్ణా అనుకున్నాడు. మిగతా సగం దారిలో ఆ కోపం నిలవలేదు. నీళ్ళు లేని రోజులు గుర్తొచ్చాయి. అలాంటి రోజున చప్టా దగ్గరికి వస్తుంటే కాలు బ్రేకు మీదికి వెళ్ళడం, వెనక ముప్పైమంది ఏమనుకుంటారోనని మళ్ళీ తీసేయడం, ఆ మొహమాటాన్ని హారనులో పెట్టి గట్టిగా కొట్టడం. ఆ హారను విని ఆమె బయటికి వచ్చేదా? వచ్చి నిలబడేదా? ఒక్కనాడూ అద్దంలో చూడలేదు. నాగభూషణానికి ఉన్నదీ తనకి లేనిదీ ఏమిటో అప్పుడు తెలిసింది. వాడు నెల తిరగకుండానే అడిగేశాడు. ఆ రోజు పొద్దుటినుంచీ మొదటిసారి శోభనాద్రికి నాగభూషణం మీద కాకుండా తన మీద ఒళ్ళు మండింది.

బస్సు దగ్గర జనం దిగి నీడ కోసం చక్రాల పక్కన చతికిలబడ్డారు. బాతుల గంపతో కోడూరు వెళ్ళే మనిషి బాతులకన్నా ఎక్కువ గోల చేస్తున్నాడు. శోభనాద్రి తడిగుడ్డ వేసి మూత తిప్పి నీళ్ళు పోశాడు. అప్పుడు గమనించాడు, ఇంజను పక్క సీటు ఖాళీగా ఉంది.

ఇస్సాకు నేల చూపులు చూస్తూ చెప్పాడు. మీరటు రోడ్డున వెళ్ళగానే నాగభూషణంగారు ఇటు దిగి కాలువగట్టు పట్టుకున్నారు. చప్టాకి ఎగువన కాలువ మీద తాటి దుంగ వేసి ఉందిగదా, దాని మీదుగా దాటతానన్నారు. బస్సు తిరిగొచ్చేటప్పుడు ఎక్కుతానన్నారు. చేతిలో పొట్లం ఉంది.

గట్టు దారి చుట్టు దారి. తను దుకాణం దగ్గర వాదిస్తున్నంతసేపూ అతను గట్టు మీద నడుస్తున్నాడన్నమాట. తను ఇటు వచ్చేసరికి అతను అటు చేరి ఉంటాడు. శోభనాద్రి కళ్ళ ముందు ఆకుపచ్చ మీద పసుపు అంచు కదిలింది. పొద్దుటి మంట మళ్ళీ లేచింది గాని, ఈసారి దానికి తిట్టుకోవడానికి మనిషి దొరకలేదు.

జనాన్ని ఎక్కమన్నాడు. సీట్లో కూర్చుని ఇంజను వేశాడు. మరిచిపోకుండా స్విచ్చు నొక్కాడు. ఫ్యాను జుయ్యిమంది. కోడూరు ఇంకా ఎంతో దూరం లేదు. అప్పటికే గంట ఆలస్యం. చప్టా దగ్గర ఆగొద్దని యజమాని స్వయంగా చెప్పిన మొదటి రోజు ఇది. వీటిలో ఏ ఒక్కటి ఆలోచించినా చేయవలసింది ఒకటే. శోభనాద్రి అన్నీ ఆలోచించాడు. ఆలోచించి గేరు వేశాడు.

బస్సు వెనక్కి కదిలింది.

జనం ఒక్కసారి కేకలు వేశారు. ఇస్సాకు డ్రైవరు పక్కకి పరిగెత్తుకొచ్చి, "గురూగారూ, అది రివర్సు" అన్నాడు.

"తెలుసు."

రోడ్డు ఎడ్లబండి వెడల్పుకి ఇంకాస్త ఎక్కువ. అటు నారుమడి, ఇటు కాలువ. బస్సు తిప్పుకునే చోటు లేదు. పోవాలంటే మైలు పొడవునా వెనక్కే పోవాలి. ఈ సంగతి సాయంత్రానికి పిచ్చేశ్వరరావుగారి చెవిన పడుతుంది, రేపు ఈ సీట్లో ఇంకొకడు కూర్చున్నా కూర్చోవచ్చు. ఇస్సాకు శోభనాద్రి మొహంలోకి చూశాడు. మళ్ళీ నీళ్ళు కావలసి వచ్చాయా, డబ్బాలో ఇంకా ఉన్నాయిగదండీ అన్నాడు.

"నీళ్ళకి కాదు ఇస్సాకూ" అన్నాడు శోభనాద్రి.

ఇస్సాకు నాలుగేళ్ళుగా ఆ ఇరవై నిమిషాలనీ కళ్ళారా చూసినవాడు. వెనక నిచ్చెన ఎక్కి నిలబడి, కొంచెం ఎడమకి, కొంచెం కుడికి అని అరవడం మొదలుపెట్టాడు. బాతుల మనిషి దింపమంటున్నాడు. ఎవరో ఆడమనిషి దేవుళ్ళందర్నీ పిలుస్తోంది. శోభనాద్రి మెడ వెనక్కి తిప్పి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, చెప్పవలసిన మాటని పెదవుల మీద నాలుగు రకాలుగా తిప్పి చూసుకున్నాడు. నాలుగూ బాగాలేవు. ఏదో ఒకటి చెప్పేస్తే చాలని అప్పటికి తేల్చుకున్నాడు.

మైలు దూరం వెనక్కి నడిపి, నీళ్ళ అంచున ఆపి కిందికి దూకాడు. పోటు ఇంకా తీయలేదు. నీళ్ళకి అవతల దుకాణం కప్పులోంచి పొయ్యి పొగ సన్నగా లేస్తూనే ఉంది. బల్ల మీద ఎవరూ లేరు. గట్టు మీద నాగభూషణం కూడా లేడు. పట్టపగలు, పదిన్నర వేళ, బస్సు వచ్చే దారివైపు చిలకమ్మ దుకాణం తడిక వేసి ఉంది. ఈ నాలుగేళ్ళలో ఆ వేళప్పుడు ఆ తడిక వేసి ఉండగా చూసినవాళ్ళు ఎవరూ లేరు.